పక్కన అయిదంతస్తులు, మూల మీద టెర్రస్ ఫంక్షన్ హాలు: విజయనగరంలో అసలు రూల్ ఏంటి?

పెంకుటిల్లు (శనివారం, రాత్రి 11:52)

నమస్తే అండి. టైమ్ చూస్తే ఎందుకు మెలకువగా ఉన్నానో మీకే తెలుస్తుంది. మాది విజయనగరంలో 30 అడుగుల రోడ్డు మీద పాత ఇల్లు. ఏ పేట అనేది రాయను, వాళ్ళూ ఇక్కడ చదువుతూ ఉండొచ్చు. రెండు గొడవలు ఒకేసారి నెత్తిన పడ్డాయి.

మా ఎడమ పక్క ఇల్లు పడగొట్టి కింద స్టిల్ట్, పైన అయిదంతస్తులు లేపుతున్నారు. మూడు శ్లాబులు పడ్డాయి. మా వంటింటి కిటికీలోంచి చెయ్యి చాపితే వాళ్ళ సెంట్రింగ్ కర్ర అందుతుంది. మా గోడ హద్దు మీదే ఉంది లెండి, నాన్నగారి కాలపు కట్టుబడి. అయినా ఇంత దగ్గరగా ఎలా ఇచ్చారో అర్థం కావడం లేదు.

రెండోది వీధి మూల మీద. మెయిన్ రోడ్డు వైపు షాపుల బిల్డింగ్ ఉంది. దాని టెర్రస్ మీద రేకుల షెడ్డు వేసి 'మినీ ఫంక్షన్ హాలు' అని బోర్డు పెట్టారు. చుట్టూ గోడల్లేవు, పరదాలే. ముహూర్తాలు మొదలైన దగ్గర్నుంచి రాత్రి పదిన్నర దాటాకే డీజే ఊపందుకుంటోంది. వంటింట్లో స్టాండులో బోర్లించిన స్టీలు గ్లాసులు ఒకదానికొకటి తగిలి గలగలలాడుతుంటాయి. అమ్మ మంచం వెనక గదిలోకి మార్చేశాం.

మా బావమరిది చెన్నైలో ఉంటాడు. అక్కడ ఎఫ్ఎస్ఐ అని ఒక లెక్క ఉందట, దాన్ని మించి కట్టనివ్వరట. మనకి అలాంటిది లేదా? సౌండుకి ఏదైనా హద్దు ఉందా? తెలిసినవాళ్ళు చెప్పండి. 'అడ్జస్ట్ అవ్వాలి' అనే సలహా మాత్రం వద్దు, అది ఇప్పటికే చాలామంది ఇచ్చారు.

రాయగడ ప్యాసింజర్ (శనివారం, రాత్రి 11:58)

చెవుల్లో దూది పెట్టుకోండి. మా వీధిలో అందరం అదే రూల్ ఫాలో అవుతున్నాం.

టేపుమాస్టారు (ఆదివారం, ఉదయం 6:40)

నేను ఎల్‌టీపీగా, అంటే లైసెన్సు ఉన్న టెక్నికల్ పర్సన్‌గా, ప్లాన్లు పెడుతుంటాను కాబట్టి మొదటి దానికి నేను చెబుతాను.

మీ బావమరిది చెప్పింది చెన్నైకి నిజం. అక్కడ 2019 రూల్స్ ప్రకారం హైరైజ్ కాని మామూలు భవనానికి ఎఫ్ఎస్ఐ 2. అంటే 200 గజాల స్థలంలో అన్ని అంతస్తులూ కలిపి 400 గజాల వరకు కట్టుకోవచ్చు. మన ఆంధ్రప్రదేశ్‌లో ఆ పద్ధతి లేదు. దేశంలో చాలా నగరాల్లో ఉన్న ఈ లెక్కని మనవాళ్ళు ఎప్పుడో వదిలేశారు. మనకి ఆధారం 2017 మార్చిలో వచ్చిన జీవో 119, ఏపీ బిల్డింగ్ రూల్స్. అందులో స్థలం ఎంత, ముందున్న రోడ్డు వెడల్పు ఎంత, ఎత్తు ఎంత, దాన్నిబట్టి చుట్టూ ఎంత ఖాళీ (సెట్‌బ్యాక్) వదలాలి అనే నాలుగింటి మీదే కథంతా నడుస్తుంది. రోడ్డు వెడల్పుగా ఉండి స్థలం పెద్దదైతే పైకి వెళ్ళొచ్చు. పైకి వెళ్ళేకొద్దీ చుట్టూ ఎక్కువ వదలాలి. 18 మీటర్లు, ఆ పైన అయితే హైరైజ్ కింద లెక్క, దానికి వేరే పట్టిక. అందుకే ఊళ్ళో బిల్డర్లందరూ 18 లోపే ఆగుతారు.

కాబట్టి 'ఎఫ్ఎస్ఐ మించారు' అని ఫిర్యాదు రాస్తే టౌన్ ప్లానింగ్ వాళ్ళు దాన్ని పక్కన పడేస్తారు. 'సెట్‌బ్యాక్ తగ్గించారు', 'ప్లాన్‌లో లేనిది కట్టారు' అని రాయాలి.

అద్దెకొంప (ఆదివారం, ఉదయం 8:15)

మాస్టారూ, మీరంతా సొంత ఇళ్ళవాళ్ళు కాబట్టి అయిదంతస్తులు అనగానే గుండె గుభేల్ మంటుంది. నాలాంటి వాడి సంగతి చూడండి. నేను ఎంప్లాయిని, ఇద్దరు పిల్లలు, బాలాజీ జంక్షన్ దగ్గర్లో ఇల్లు కావాలని తిరిగాను. విడి ఇల్లు అద్దెకి దొరకదు, దొరికినా 'మా అబ్బాయి వస్తాడు ఖాళీ చెయ్యండి' అంటారు. అపార్ట్‌మెంట్లే దిక్కు. భోగాపురం ఎయిర్‌పోర్టు పేరు చెప్పి ఊరి చుట్టూ గజం రేటు ఎక్కడికి పోయిందో మీకూ తెలుసు. ఆ స్థలంలో ఒక్క కుటుంబం ఉంటే బాగుంటుందా, పది కుటుంబాలు ఉంటే బాగుంటుందా?

ఊరంతా పెంకుటిళ్ళుగానే ఉండాలంటే మేం రింగ్ రోడ్డు అవతల పొలాల్లో ఉండి రోజూ బండి మీద రావాలి.

పెంకుటిల్లు (ఆదివారం, ఉదయం 8:31)

బాబూ, నేను అపార్ట్‌మెంట్ వద్దనలేదు. నా కిటికీకీ దానికీ మధ్య గాలి ఆడాలి అంటున్నాను.

గంటస్తంభం (ఆదివారం, ఉదయం 9:20)

పాతవాణ్ణి, నా మాట కూడా వినండి. విజయనగరం మున్సిపాలిటీ 1888లో ఏర్పడింది, కార్పొరేషన్ అయింది 2015లో. మధ్యలో ఊరు పెరిగింది గానీ కోట చుట్టూ ఉన్న వీధులు పెరగలేదు. ఉల్లివీధి వైపు ఒకసారి నడిచి చూడండి. జట్కాబండి వెళ్ళడానికి వేసిన దారులవి. ఆ దారుల్లోనే ఇప్పుడు మూడేసి అంతస్తులు. కింద గోడౌన్, మధ్యలో ట్యూషన్ సెంటర్, పైన కాపురం. రోడ్డు వెడల్పుని బట్టి ఎత్తు అని మాస్టారు అన్నది కాగితం మీద చాలా అందంగా ఉంది.

పైగా జనం పెరిగినా మురుగుకాలవ మాత్రం అదే. వాన వస్తే మా వీధికి వచ్చి చూడండి, పెద్ద చెరువు మా గుమ్మంలోకే వచ్చినట్టుంటుంది.

టేపుమాస్టారు (ఆదివారం, ఉదయం 10:05)

గంటస్తంభం గారూ, మీతో వాదించను. రూల్ ఉండటం వేరు, బీపీఎస్ రావడం వేరు. 2007లో ఒకసారి, తర్వాత మళ్ళీ మళ్ళీ బిల్డింగ్ పీనలైజేషన్ స్కీమ్ పెట్టి అతిక్రమించి కట్టినవాటిని జరిమానాతో క్రమబద్ధం చేస్తూ వచ్చారు. ఇక భయం ఎందుకుంటుంది? నా క్లయింట్లే అడుగుతారు, 'ఈసారి బీపీఎస్ ఎప్పుడండీ' అని, పండగ ఎప్పుడని అడిగినట్టు.

అద్దెకొంప గారికి ఒక చిన్న లెక్క. 300 గజాలు అంటే సుమారు 250 చదరపు మీటర్లు. 15 మీటర్ల ముఖం, 16.7 లోతు అనుకోండి. ముందు 2 మీటర్లు, మిగతా మూడు వైపులా ఒకటిన్నర వదిలారనుకుందాం. ఇది ఉదాహరణే, మీ స్థలానికి పట్టిక చూసుకోవాలి. అంతస్తుకి 158 చదరపు మీటర్లు వస్తుంది. మూడంతస్తులైతే స్థలానికి 1.9 రెట్లు, అయిదైతే 3.17 రెట్లు. అంటే అవే ఖాళీలు ఉంచి రెండంతస్తులు దొంగతనంగా పెంచితే సాంద్రత 1.9 నుంచి 3.17కి పోతుంది. పది కుటుంబాలు ఉండాలి, నిజమే. ఆ పది కుటుంబాల బళ్ళు, మోటార్లు, ఏసీ యూనిట్లు పట్టే జాగా కూడా ఉండాలి. మనకి ఎఫ్ఎస్ఐ లేదు కాబట్టి ఆ ఖాళీ జాగానే మన ఎఫ్ఎస్ఐ. దాన్ని తినేస్తే ఇక ఏ అదుపూ లేనట్టే.

అద్దెకొంప (ఆదివారం, ఉదయం 10:22)

ఇది ఒప్పుకుంటాను. మా అపార్ట్‌మెంట్‌లో జనరేటర్ సరిగ్గా ఆ ఖాళీలోనే ఉంది, మా బెడ్‌రూమ్ కిటికీ కింద.

పెంకుటిల్లు (ఆదివారం, ఉదయం 10:40)

మాస్టారూ, మరి నేను ఏం చూడాలి? టేపు పట్టుకుని వాళ్ళ సైట్‌లోకి వెళ్తే మేస్త్రీ ఊరుకోడు.

టేపుమాస్టారు (ఆదివారం, మధ్యాహ్నం 12:10)

లోపలికి వెళ్ళక్కర్లేదు. ముందు సైట్ దగ్గర పర్మిషన్ వివరాల బోర్డు ఉందేమో చూడండి. అందులో ఫైల్ నంబరు, ఎన్ని అంతస్తులకి ఇచ్చారు, సెట్‌బ్యాకులు ఎంత అనేవి ఉండాలి. బోర్డు లేదంటే అదే మొదటి పాయింటు. ఇప్పుడు అనుమతులన్నీ ఏపీడీపీఎంఎస్ అనే ఆన్‌లైన్ ప్లాన్ పర్మిషన్ల సిస్టమ్‌లోనే. మీ వార్డు సచివాలయంలో ప్లానింగ్ సెక్రటరీ ఉంటారు, ఆయన్ని అడిగితే ఆ ఫైల్ చూస్తారు.

మీ హద్దు గోడ మీంచి వాళ్ళ గోడ దాకా దూరం మీ వైపు నుంచే కొలవొచ్చు. దాన్ని ప్లాన్‌తో పోల్చండి. బాల్కనీ ఎక్కడుందో కూడా చూడండి. 2017లో వచ్చిన రూల్స్ ప్రకారం మామూలు ఎత్తు భవనాల్లో వదలాల్సిన ఖాళీలోకి బాల్కనీ రాకూడదు. ఊళ్ళో ఎక్కువమంది చేసే పని ఇదే. కింద గోడ సరైన చోటే ఉంటుంది, పై అంతస్తు దగ్గరికి వచ్చేసరికి బాల్కనీ పేరుతో మూడడుగులు బయటికొస్తుంది, గృహప్రవేశం అయ్యాక దానికి గ్రిల్, ఆ తర్వాత అద్దాలు. గది అయిపోతుంది. రోడ్డు విస్తరణకి పోయే భాగం ఉంటే ముందు ఖాళీని ఆ భాగం తీసేశాకే కొలవాలి. చాలామంది ఇప్పుడున్న కాలవ అంచు నుంచి కొలిచేస్తారు.

ఇంకొకటి గుర్తుంచుకోండి. ఇంత పెద్ద బిల్డింగ్ అయితే కట్టే ఏరియాలో 10 శాతం కార్పొరేషన్‌కి తనఖా పెట్టి ఉంటారు. ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (ప్లాన్ ప్రకారం కట్టారు, కాపురం ఉండొచ్చు అని ఇచ్చే కాగితం) వచ్చాకే అది విడుదలవుతుంది. తేడా ఉంటే బిల్డర్‌కి నొప్పి తగిలేది అక్కడే. కాబట్టి ఫిర్యాదు ఇప్పుడే రాతపూర్వకంగా ఫైల్లో పడాలి, ఫ్లాట్లు అమ్మేశాక కాదు. 18 మీటర్ల లోపు వాటికి సెల్ఫ్ సర్టిఫికేషన్ వచ్చాక ఇది మరీ ముఖ్యం. ముందు తనిఖీ తగ్గింది, ఆ బాధ్యత మాలాంటివాళ్ళ సంతకం మీద పడింది. రూల్స్‌కి మధ్యలో సవరణలు వచ్చాయి కాబట్టి పట్టికలో అంకెలు మాత్రం తాజా జీవోలోనే చూసుకోండి.

హాలు తాళం (ఆదివారం, మధ్యాహ్నం 2:45)

నేను ఒక ఫంక్షన్ హాల్లో మేనేజర్‌ని. మీరు చెప్పిన హాలు కాదు. మా బాధ కూడా రాస్తాను, తిట్టకండి.

మన పెళ్ళిళ్ళు రాత్రి ముహూర్తాలు. సుముహూర్తం రాత్రి ఒంటిగంటకి పెడతారు పంతులు గారు. జీలకర్ర బెల్లం పెట్టేటప్పుడు గట్టిమేళం వాయించొద్దంటే పెళ్ళికూతురి తండ్రి ముందు నన్ను కొడతాడు. పైగా రూల్‌లో బాంక్వెట్ హాళ్ళకి మినహాయింపు ఉందని మా ఓనర్‌కి వాళ్ళ లాయరు చెప్పాడు. హాలన్నాక సౌండు ఉంటుంది కదండీ. పక్కన ఇల్లు కొనుక్కునేవాళ్ళు అది చూసుకుని కొనుక్కోవాలి.

పెంకుటిల్లు (ఆదివారం, మధ్యాహ్నం 2:51)

మా ఇల్లు వాళ్ళ షెడ్డుకంటే నలభై ఏళ్ళు పెద్దది అండి.

బార్‌లైబ్రరీ (ఆదివారం, సాయంత్రం 5:30)

హాలు తాళం గారి లాయరు సగమే చదివినట్టున్నారు. కేంద్రం 2000లో తెచ్చిన శబ్ద కాలుష్య నియంత్రణ నిబంధనల్లో ఉన్నది ఇది: రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా లౌడ్‌స్పీకర్ గానీ, శబ్దం చేసే పరికరం గానీ, వాద్యం గానీ వాడకూడదు. మూసి ఉన్న ప్రాంగణంలో, లోపల ఉన్నవాళ్ళకి వినపడటం కోసమైతే వాడుకోవచ్చు. ఆడిటోరియం, కమ్యూనిటీ హాలు, బాంక్వెట్ హాలు అని ఉదాహరణలు అక్కడ వస్తాయి. అంటే మినహాయింపు బోర్డు మీద రాసిన పేరుకి రాదు, నాలుగు గోడలూ తలుపులూ ఉంటే వస్తుంది. టెర్రస్ మీద పరదాలు కట్టిన రేకుల షెడ్డుని మూసిన ప్రాంగణం అని ఏ అధికారి ఒప్పుకుంటాడు?

మూసిన హాలైనా సొంత స్థలం హద్దు దగ్గర సౌండు ఆ ప్రాంతపు పరిమితి కంటే 5 డెసిబెల్స్‌కి మించి ఉండకూడదు. బహిరంగ స్థలంలో మైకైతే పరిమితి కంటే 10 ఎక్కువ, లేదా 75, రెండింట్లో ఏది తక్కువైతే అది.

ఇక ఆ ప్రాంతపు పరిమితి అంటే: నివాస ప్రాంతంలో పగలు 55, రాత్రి 45. వాణిజ్య ప్రాంతంలో పగలు 65, రాత్రి 55. పారిశ్రామికంలో 75, 70. నిశ్శబ్ద ప్రాంతంలో 50, 40.

సుప్రీంకోర్టు 2005 జులైలో ఇచ్చిన తీర్పు కూడా రాత్రి పది నుంచి ఆరు దాకా ఆంక్షని గట్టిగా నిలబెట్టింది. దాని మీద ఇక వాదన లేదు.

సౌండ్‌బాక్స్ (ఆదివారం, సాయంత్రం 6:12)

సౌండ్ సర్వీస్ నడుపుతాను గురూ. 45 డెసిబెల్స్ అంటే ఏటో తెలుసా? మీ ఇంట్లో ఫ్యానూ, ఫ్రిజ్జూ కలిస్తే అంత వస్తుంది. రోడ్డు మీద ఆటో వెళ్తే ఎప్పుడో దాటేసింది. ఆ అంకె పట్టుకుని మమ్మల్నే పట్టుకుంటే ఎలా?

నేను పది అవ్వగానే తగ్గిస్తాను. పెళ్ళికొడుకు ఫ్రెండ్స్ వచ్చి మిక్సర్ మీద చెయ్యి వేస్తారు. అడ్డం చెబితే బ్యాలెన్స్ డబ్బులు ఇవ్వరు. నా బాధ ఎవరికి చెప్పుకోను?

ల్యాబ్ మాన్యువల్ (ఆదివారం, రాత్రి 7:40)

ఫిజిక్స్ చెబుతాను కాలేజీలో, ఊరుకోలేక రాస్తున్నాను. సౌండ్‌బాక్స్ గారి మొదటి మాట కొట్టిపారేసేది కాదు. నియమంలో ఉన్న అంకె ఆ వ్యవధి మొత్తానికి శక్తి సగటు, ఒక ఆటో హారన్ కాదు. అయినా మన మెయిన్ రోడ్ల పక్కన రాత్రి 45 అనేది కష్టమే.

కానీ డెసిబెల్ మామూలు కూడిక లెక్క కాదని మర్చిపోకూడదు. పది పెరిగితే శక్తి పది రెట్లు, చెవికి దాదాపు రెండింతలు. 45 దగ్గర నుంచి 75కి పోతే శక్తి వెయ్యి రెట్లు. అందుకే 'ఓ ముప్ఫై ఎక్కువ, అంతే కదా' అనడం కుదరదు.

ఇందాకటి బిల్డింగ్ గొడవకీ దీనికీ సంబంధం ఉంది. ఆరుబయట దూరం రెట్టింపైనప్పుడల్లా చిన్న బాక్సు సౌండు 6 డెసిబెల్స్ చొప్పున పడిపోతుంది. సందుకి అటూ ఇటూ ఎత్తయిన గోడలు లేస్తే అలా పడదు, గోడకీ గోడకీ తగిలి తిరుగుతూ ఉంటుంది. పక్కన అయిదంతస్తుల గోడ పూర్తయ్యాక పెంకుటిల్లు గారికి మూల మీద డీజే ఇంకా ఎక్కువ వినపడినా నేను ఆశ్చర్యపోను. గ్లాసులు గలగలలాడటం బేస్ పని. కిటికీ మూస్తే పాట తగ్గుతుంది, బేస్ తగ్గదు. పరదాలు, థర్మాకోల్ షీట్లు దానికి ఏమీ చెయ్యలేవు, బరువున్న గోడే కావాలి.

రాయగడ ప్యాసింజర్ (ఆదివారం, రాత్రి 7:48)

అంటే దూది కూడా పనిచెయ్యదా సార్?

ల్యాబ్ మాన్యువల్ (ఆదివారం, రాత్రి 7:55)

కీచుగొంతుకి పనిచేస్తుంది.

గంటస్తంభం (ఆదివారం, రాత్రి 8:30)

నారాయణదాసు గారు తిరిగిన ఊరు ఇది. 1919లో సంగీత కళాశాల పెడితే ఆయనే మొదటి ప్రిన్సిపాల్. ఆ రోజుల్లో మైకు లేకుండానే హరికథ జనానికి వినపడేది. మా వీధిలో సన్నాయి తెల్లవార్లూ వినపడినా ఎవరూ పోలీసుల దగ్గరికి వెళ్ళలేదు. సౌండు ఎక్కువవడం వల్లనా, మనకి ఓపిక తగ్గడం వల్లనా అని నాకో అనుమానం. ఇలాగే పోతే రేపు సిరిమానోత్సవానికి కూడా డెసిబెల్స్ కొలుస్తారేమో.

పెంకుటిల్లు (ఆదివారం, రాత్రి 8:44)

గంటస్తంభం గారూ, సిరిమాను తిరిగేది పగటిపూట. పైడితల్లి అమ్మవారి పండగంటే మా ఇంట్లో బంధువులతో నిలబడ్డానికి చోటుండదు, మేమే మూడు లాంతర్ల దగ్గర ఎండలో నిలబడతాం. ఏడాదికి ఒక మంగళవారం వేరు, ముహూర్తం ఉన్న ప్రతి రాత్రీ వేరు.

బార్‌లైబ్రరీ (ఆదివారం, రాత్రి 8:58)

పండగలకి నియమంలోనే దారి ఉంది. సాంస్కృతిక, మతపరమైన ఉత్సవాలకి రాష్ట్ర ప్రభుత్వం రాత్రి పది నుంచి పన్నెండు దాకా అనుమతి ఇవ్వొచ్చు, ఏడాది మొత్తం మీద 15 రోజులకి మించకుండా. ప్రైవేటు బరాత్ దాని కిందికి రాదు.

గట్టిమేళం గురించి హాలు తాళం గారు అడిగింది న్యాయంగానే ఉంది. మూసిన హాల్లో మైకు లేకుండా ముహూర్తానికి రెండు నిమిషాలు మేళం వాయిస్తే కేసు పెట్టేవాణ్ణి నేనింతవరకు చూడలేదు. గొడవంతా ముహూర్తానికి ముందు వీధిలో రెండు గంటలు నిలబడే డీజే బండితోనే.

ఏడురోడ్లు (సోమవారం, ఉదయం 7:05)

శ్రీకాకుళం నుంచి. మా దగ్గర ఇంకో రకం. మా సందులో నర్సింగ్ హోములు వరసగా ఉన్నాయి, అదే సందులో ఊరేగింపులు. హాస్పిటల్ చుట్టూ వంద మీటర్లు సైలెన్స్ జోన్ అని బోర్డులు చూశాం కదా, అది పనిచెయ్యదా?

బార్‌లైబ్రరీ (సోమవారం, ఉదయం 9:40)

2017 దాకా చట్టం అలాగే నడిచింది. ఆ ఏడాది సవరణ తర్వాత ప్రభుత్వం ప్రత్యేకంగా నోటిఫై చేసిన చోటే నిశ్శబ్ద ప్రాంతం. బోర్డు ఎవరు పెట్టారు, నోటిఫికేషన్ ఉందా అనేది కలెక్టరేట్‌లో అడగండి. లేకపోతే మీ సందు నివాసమో వాణిజ్యమో, ఆ పరిమితే వర్తిస్తుంది.

మోడరేటర్ (సోమవారం, ఉదయం 10:15)

ఇద్దరు సభ్యులు ఆ హాలు ఫోటో, ఓనర్ ఫోన్ నంబరు పెట్టారు. తీసేశాను. మళ్ళీ పెడితే థ్రెడ్ మూసేస్తాను.

పెంకుటిల్లు (సోమవారం, రాత్రి 9:30)

అందరికీ థాంక్స్. ఒక చిక్కు తేలింది. ఈరోజు సచివాలయానికి వెళ్ళాను. మాస్టర్ ప్లాన్ మ్యాప్‌లో మా వీధి లోపల అంతా పసుపు, అంటే నివాసం. కానీ మూల మీద మెయిన్ రోడ్డు వెంట ఉన్న వరస వాణిజ్యం. హాలు ఆ వరసలో ఉంది, మా ఇల్లు దాని వెనక పసుపులో ఉంది. మధ్యలో ఉన్నది ఒక్క కాంపౌండ్ గోడ. ఇప్పుడు ఎవరి పరిమితి లెక్క?

బార్‌లైబ్రరీ (సోమవారం, రాత్రి 10:20)

మొత్తం థ్రెడ్‌లో అసలు ప్రశ్న ఇదే. చాలా ఊళ్ళలో పేచీ సరిగ్గా ఇలాంటి గోడ దగ్గరే.

హాలువాడు వాదించేది ఇలా ఉంటుంది: నాది వాణిజ్య ప్రాంతం, రాత్రి 55, పైన 5 కలిపితే నా హద్దు దగ్గర 60 దాకా నాకు హక్కు ఉంది. మీరు అనేది: నా గదిలో పడుకుంటే నాది నివాస ప్రాంతం, 45. ఒకే గోడకి రెండు అంకెలు. కలగలిసిన ప్రాంతాన్ని ఆ నాలుగింట్లో ఏదో ఒకటిగా సంబంధిత అధికారి ప్రకటించవచ్చని నియమాల్లోనే ఉంది. పట్టణ ప్రణాళిక పనులు చూసే సంస్థలు శబ్దాన్ని కూడా జీవన నాణ్యతలో భాగంగా లెక్కలోకి తీసుకోవాలని కూడా ఉంది. వీధి ముఖం వాణిజ్యం, వెనక నివాసం అని రంగులు వేసేటప్పుడు ఆ వాక్యాన్ని ఎవరూ చదివినట్టు లేదు. దాని కోసం పోరాడాలంటే పోరాడొచ్చు, అది ఏళ్ళ పని.

మీకు ఆ దారి అక్కర్లేదు. ఫిర్యాదు నియమంలో రెండు తలుపులున్నాయి. పరిమితి కంటే 10 డెసిబెల్స్ మించితే ఒకటి. రాత్రివేళ ఆంక్షల్ని ఉల్లంఘిస్తే రెండోది. రెండో దానికి అంకెతో పనే లేదు. బహిరంగంగా ఉన్న షెడ్డులో పది దాటాక లౌడ్‌స్పీకర్ మోగింది, అంతే చాలు. వాణిజ్యమా నివాసమా అనేది కూడా అడగక్కర్లేదు. ఫోన్ యాప్‌లో 82 వచ్చింది, 78 వచ్చింది అని రాయకండి, మీటరు సర్టిఫికెట్ ఏదని అడిగి కేసు అక్కడికి లాగుతారు. టైమ్ కనపడేలా వీడియో తియ్యండి.

పక్క సైట్‌కి కూడా ఇదే. 2010 సవరణ ప్రకారం నివాస ప్రాంతంలో రాత్రివేళ శబ్దం చేసే నిర్మాణ యంత్రాలు వాడకూడదు. పది దాటాక మిక్సరు, వైబ్రేటరు తిరిగితే అదీ ఫిర్యాదే.

టేపుమాస్టారు (సోమవారం, రాత్రి 10:45)

దానికి నాది ఒకటి కలపండి. ఆ షెడ్డు మంజూరైన ప్లాన్‌లో ఉందా? షాపుల బిల్డింగ్ అని పర్మిషన్ తీసుకుని టెర్రస్ మీద జనం గుమిగూడే హాలు నడపడం వాడకం మార్చడమే. ఫంక్షన్ హాళ్ళలాంటి వాటికి స్థలం 500 చదరపు మీటర్లు దాటినా, ఎత్తు 6 మీటర్లు దాటినా ఫైర్ డిపార్ట్‌మెంట్ క్లియరెన్స్ కావాలి. టెర్రస్ అంటే ఎత్తు ఎప్పుడో దాటింది. ఒక్క మెట్లదారి, పైన రేకులు, కింద గ్యాస్ సిలిండర్లతో వంట. నిజం చెప్పాలంటే నాకు సౌండుకంటే అదే భయం.

హాలు తాళం (సోమవారం, రాత్రి 10:58)

ఫైర్ ఎన్‌ఓసీ కోసం మా ఓనర్ రెండో మెట్లదారి కట్టించాడు, లక్షలు పోశాడు. రేకుల షెడ్డువాడు మా రేటులో సగానికి ఇచ్చి బేరాలు పట్టుకుపోతున్నాడు. ఈ విషయంలో పెంకుటిల్లు గారూ, నేను మీ వైపే.

పెంకుటిల్లు (మంగళవారం, సాయంత్రం 6:20)

రెండు అర్జీలు రాశాను. చూసి చెప్పండి.

కమిషనర్ గారికి: 'మా ఇంటి ఎడమవైపు నిర్మాణంలో ఉన్న భవనానికి పర్మిషన్ వివరాల బోర్డు లేదు. మా వైపు వదిలిన ఖాళీలోకి రెండో అంతస్తు నుంచి బాల్కనీలు వచ్చాయి. మంజూరైన ప్లాన్‌తో పోల్చి తనిఖీ చేయగలరు. మూల మీద వాణిజ్య భవనం టెర్రస్‌పై ఫంక్షన్ హాలు నడుస్తోంది. దానికి ప్లాన్, ఫైర్ క్లియరెన్స్ ఉన్నవో లేవో తెలుపగలరు.'

డీఎస్పీ గారికి: 'పై టెర్రస్‌పై మూసి లేని షెడ్డులో రాత్రి 10 గంటల తర్వాత లౌడ్‌స్పీకర్లు వాడుతున్నారు. తేదీ, సమయంతో వీడియోలు జతపరిచాను. శబ్ద కాలుష్య నియమాలు, 2000 ప్రకారం చర్య తీసుకోగలరు.'

బార్‌లైబ్రరీ (మంగళవారం, సాయంత్రం 7:10)

బాగుంది, ఎక్కువ తక్కువ లేదు. డీఎస్పీ స్థాయికి తగ్గని అధికారినే ఈ నియమాల కింద అధికారిగా పెట్టాలి కాబట్టి మీరు రాసింది సరైన చోటుకే. ఒకే అర్జీలో రెండూ కలపకపోవడం ఇంకా మంచిది. కలిపితే టౌన్ ప్లానింగ్ వాళ్ళు పోలీసులదంటారు, పోలీసులు కార్పొరేషన్‌దంటారు. స్టాంపు వేసిన నకలు తీసుకోండి. కదలిక లేకపోతే సోమవారం కలెక్టరేట్‌లో జనం ఫిర్యాదులు తీసుకునే పీజీఆర్ఎస్‌లో ఇవ్వండి. అదీ కాకపోతే బీఎన్ఎస్ఎస్ సెక్షన్ 152, పాత సీఆర్పీసీ 133, పబ్లిక్ న్యూసెన్స్ కింద ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేట్ దగ్గరికి. వీధిలో ఇంకో నలుగురి సంతకాలు ఉంటే బలం.

పెంకుటిల్లు (ఆ పై నెల, గురువారం, రాత్రి 10:35)

అడిగినవాళ్ళ కోసం అప్‌డేట్. ప్లానింగ్ సెక్రటరీ టేపుతో వచ్చారు. మా వైపు గోడ ప్లాన్ ప్రకారమే ఉంది, బాల్కనీలు మాత్రం ప్లాన్‌లో లేవు. నోటీసు ఇచ్చారు. బిల్డర్ మా ఇంటికొచ్చి 'ముందే నాతో చెప్పొచ్చు కదండీ' అన్నాడు, కాఫీ ఇచ్చి పంపించాను. నాలుగో అంతస్తు శ్లాబు బాల్కనీ లేకుండా పడింది. కింద రెండింటివి కొడతాడో, బీపీఎస్ కోసం చూస్తాడో తెలీదు.

హాలుకి స్టేషన్ నుంచి పిలుపు వచ్చింది. పదికి డీజే ఆగుతోంది. షెడ్డుకి ప్లాన్ లేదని కాగితం మీద తేలింది, అది మాత్రం ఇంకా నిలబడే ఉంది. ఇప్పుడు సమస్య జనరేటర్. మా గోడ పక్కనే దించారు.

టేపుమాస్టారు (ఆ పై నెల, గురువారం, రాత్రి 10:50)

జనరేటర్ ఎన్నాళ్ళది, కెపాసిటీ ఎన్ని కేవీఏ? 2005 తర్వాత తయారైన సెట్‌కి, 1000 కేవీఏ దాకా, దాని చుట్టూ ఉండే డబ్బాకి మీటరు దూరంలో 75 డెసిబెల్స్ దాటకూడదు. డబ్బా తలుపులు తీసి నడుపుతుంటే ఆ లెక్క పోయినట్టే. ప్లేటు ఫోటో పెట్టండి, ఓనర్ పేరు కనపడకుండా.